దొంగ దొరికినా ముగియని కథ

మహబూబ్‌నగర్‌లో ఓ లెక్కల మాస్టారి ఇల్లు. పదేళ్ల కిందటి వేసవి సెలవులు. పదో తరగతి పరీక్షలు రాసిన కొడుకు కంప్యూటర్ ముందు నుంచి లేవడం లేదు. తెర మీద 1947 నాటి లాస్‌ఏంజెలిస్. టోపీ పెట్టుకున్న డిటెక్టివ్ అనుమానితుల్ని ఒక్కొక్కరినే ప్రశ్నిస్తున్నాడు. ఎదుటివాడి మొహం చూసి నిజమో అబద్ధమో తేల్చాల్సింది మాత్రం ఆట ఆడేవాడే. 2011లో వచ్చిన ఆ ఆట పేరు 'ఎల్.ఏ. నువార్'.

ఉన్నట్టుండి పిల్లాడు మౌస్ పక్కకు నెట్టేశాడు.

"ఇదేం ఆట నాయినా! నేను పట్టుకున్నోళ్లు అసలు హంతకులే కాదంట. అసలోడు దొరికినా సంగతి బయటికి చెప్పరంట. వాని చుట్టం పెద్ద నాయకుడంట!"

మాస్టారు చదువుతున్న పేపరు మడిచి పక్కన పెట్టారు. ఆ కోపం ఆయనకు కొత్త కాదు.

ఆయనది నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు పల్లె. హాస్టల్లో ఉండి చదువుకునే రోజుల్లో అద్దె పుస్తకాల షాపే ఆయనకు లోకం. కొమ్మూరి సాంబశివరావు రాసిన డిటెక్టివ్ యుగంధర్ నవలంటే ప్రాణం. యుగంధర్, అతని అసిస్టెంట్ రాజు రంగంలోకి దిగారంటే ఇక దిగుల్లేదు. ఆఖరి పేజీకల్లా హంతకుడు దొరకాల్సిందే. పుస్తకం మూస్తే నిశ్చింతగా నిద్ర పట్టేది.

సెలవులకు ఊరికెళ్తే మాత్రం ఆ నిశ్చింత ఉండేది కాదు. ఇంట్లో అన్న ఉండేవాడు. పుట్టినప్పుడు అందరిలాగే ఉన్నవాడు. పెరిగేకొద్దీ కాళ్లు వంకర తిరిగాయి, నడుము వంగిపోయింది. "ఏ జన్మల పాపమో బిడ్డా" అని తల్లి కళ్లొత్తుకునేది. ఎవరు చేశారీ నేరం? యుగంధర్‌ని పిలిస్తే ఎవరి చేతులకు సంకెళ్లు వేస్తాడు?

హంతకుడు ఇంట్లోనే, కడవలో ఉన్నాడు. రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. డిటెక్టివ్ నవలల్లోని విషానికి ఉండే లక్షణాలన్నీ ఆ నీళ్లలోని ఫ్లోరైడ్‌కున్నాయి. భూమి లోపలి రాళ్ల నుంచి అది ఊటలోకి దిగుతుంది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే ప్రమాదం. పళ్ల మీద గారతో మొదలై ఎముకల దాకా పోతుంది. బావులెండి బోర్లు లోతుకు పోయేకొద్దీ చాలాచోట్ల దాని బలం పెరిగింది.

ఈ కేసులో ఆధారాలు ఏనాడో దొరికాయి. అప్పటి నెల్లూరు జిల్లాలో జనం వంగిపోవడానికి కారణం నీళ్లలోని ఫ్లోరైడేనని డాక్టర్లు 1937లోనే పత్రికలో ప్రకటించారు. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థ శాస్త్రవేత్తలు రూపొందిస్తే, దానికి 'నల్లగొండ పద్ధతి' అనే పేరొచ్చింది. జిల్లా పేరు ప్రపంచమంతా తిరిగింది. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలారు. అదే జిల్లాలో ఆ ఇంటి కడవలోకి మాత్రం అవే బోరు నీళ్లు.

కొన్నేళ్ల తర్వాత మాస్టారు ఓ మిత్రుడి ఇంట్లో 'చైనాటౌన్' సినిమా చూశారు. 1974లో వచ్చిన హాలీవుడ్ చిత్రం. కథాకాలం చిత్రంగా అదే 1937. ఊరంతా కరువు. రాత్రిళ్లు మాత్రం ఎవరో నీళ్లను దొంగచాటుగా వదిలేస్తుంటారు. పొలాలు ఎండితే అగ్గువకు కొనుక్కోవచ్చని ఎత్తు! డిటెక్టివ్ గిట్టీస్ కూపీ లాగి అసలువాణ్ని కనిపెడతాడు. అయినా ఏమీ చెయ్యలేడు. పెద్దమనిషి పెద్దమనిషిలాగే మిగిలిపోతాడు. ఆ రాత్రి మాస్టారికి నిద్ర పట్టలేదు.

ఇలాంటి సినిమాలకు 1946లో ఫ్రెంచి విమర్శకులు పెట్టిన పేరే 'ఫిల్మ్ నువార్'. నువార్ అంటే నలుపు. ఆ నలుపు చీకటి సందులది, నీడలది మాత్రమే కాదు. నేరం ఎవరిదో తెలిశాక కూడా మిగిలిపోయే చీకటిది.

ఇదంతా కొడుక్కి చెప్పి, "అట్లయితే కనిపెట్టి ఏం లాభం నాయినా?" అని వాడడిగితే మాస్టారు కాసేపు మాట్లాడలేదు.

"కనిపెట్టినంకనే మీ నాయినమ్మ పాపమనుడు బందువెట్టింది రా" అన్నారు చివరికి.

2016లో మొదలైన మిషన్ భగీరథతో ఆ పల్లెలకు కృష్ణా నీళ్లు నల్లాల్లో వచ్చాయి. కొత్తగా పుట్టిన పిల్లల కాళ్లు తిన్నగా ఉన్నాయని ఊరు సంబరపడింది. వంగిన ఎముకలు మాత్రం తిరిగి నిటారు కావు. మాస్టారి అన్న ఆ నీళ్లు మొదటిసారి తాగినప్పుడు గ్లాసును వెలుతురుకెత్తి చాలాసేపు చూశాడు.

"గివి కూడా గట్లనే ఉన్నయి కదరా తమ్మీ" అన్నాడు.

అవును, చూడ్డానికి రెండూ ఒక్కలాగే ఉంటాయి. అందుకే ఎవరో ఒకరు పరీక్షించి చూడాలి, అడగాలి, రాసిపెట్టాలి. ఆఖరి పేజీలో సంకెళ్లు పడకపోయినా సరే.