నామక్కల్ మీదుగా కొల్లిమలకు

నామక్కల్ అనగానే మనవారికి ముందుగా జ్ఞాపకం వచ్చేది అక్కడి ఆంజనేయస్వామి. పైకప్పు లేని గుడిలో, 18 అడుగుల ఎత్తున, చేతులు జోడించి, ఎదుటి కొండలోని నరసింహస్వామి వైపు చూస్తూ నిలుచున్న ఆ మూర్తిని ఒకసారి చూసినవారు మరువలేరు. ఊరి నడుమ ఒకే పెద్ద బండరాయి, దాని నెత్తిన కోట. ఇక కోడిగుడ్ల వ్యాపారానికి ఆ ఊరు దేశమంతటా ప్రసిద్ధి. 1997లో సేలం జిల్లానుంచి విడివడి నామక్కల్ తానే ఒక జిల్లా అయినది.

కాని మేము వ్రాయదలచినది గుడినిగూర్చీ కాదు, గుడ్లనుగూర్చీ కాదు. నామక్కల్ లారీల ఊరు. ఫ్యాక్టరీనుంచి ఇంజనూ, చక్రాలూ మాత్రమే ఉన్న ఛాసీ అస్థిపంజరంలా వచ్చి, ఇక్కడ బాడీ కట్టించుకొని, రంగులు పూసుకొని, పెళ్ళికొడుకులా బయలుదేరుతుంది. రోడ్డుకు రెండు పక్కలా కమ్మరి కొలుములు, వెల్డింగు మెరుపులు, టైర్ల గుట్టలు, కాటాలు. బండి అడుగుభాగం సంగతి తెలిసినవారు ఇక్కడ దొరికినంతమంది మరెక్కడా దొరకరని మా హోసూరు డ్రైవర్లు చెప్పగా విని, మేము మా ఇంటి బండితో అక్కడికి వెళ్ళాము.

ఇంటి బండి అంటే ఏమో చెప్పవలెను. మా అమ్మకు 74 ఏళ్ళు. తుంటి ఎముక విరిగి ఆపరేషను అయిన తర్వాత ఆమె బస్సు మెట్లు ఎక్కలేదు. అరగంటకు మించి కాళ్ళు వేలాడవేసి కూర్చోలేదు. కొల్లిమల మీది అరప్పళీశ్వరుని చూడవలెనని ఆమె కోరిక. నాయన ఉన్నకాలంలో ఒకసారి బస్సులో వెళ్ళి చూసివచ్చినారట. మా అన్నదమ్ములం ఇద్దరమూ గుమాస్తా జీతగాళ్ళమే. ఇద్దరమూ కలిసి, పడుకొనేందుకు బల్ల, చిన్న వంట అర, నీళ్ళ ట్యాంకు అమర్చిన ఒక పాత వ్యానును కొన్నాము. పూర్వపు యజమాని దానిని ఒక బాడీ షాపులో ఇల్లుగా మార్పించి, రిజిస్ట్రేషను పుస్తకంలో ఆ మార్పు సక్రమంగా వ్రాయించి ఉన్నాడు.

బండి చూడ ముచ్చటగా ఉన్నది. నడక మాత్రం బాగులేదు. లారీ దాటిపోయినప్పుడల్లా గాలికి పక్కకు ఒరిగేది. వేగ నిరోధకం ఎక్కి దిగితే నాలుగైదుసార్లు పడవలా లేచి పడేది. కృష్ణగిరి, ధర్మపురి దాటి తొప్పూరు కనుమ దిగుతున్నప్పుడు అమ్మ రెండు చేతులతో కిటికీ ఊచలు పట్టుకొని కళ్ళు మూసుకొన్నది. ఆ కనుమ ప్రమాదాలకు పేరుపడ్డది. దిగువకు చేరినాక, "మీరు పొయ్యిరండి నాయనా, నేను సేలంలో అక్క ఇంట్లో ఉంటాను" అన్నది. ఎవరికోసం బండి కొన్నామో ఆమే రానంటే ఇక బండి ఎందుకు? కనుక కొండకు తిరగకుండా నేరుగా నామక్కల్ చేరాము.

అక్కడ కమాన్ పట్టీలు వేసే ఒక పెద్దాయన దొరికినారు. మా మాటలు విని, తమిళం విడిచి తెలుగులోకి దిగినారు. "మా తాతల కాలంలోనే ఈపక్క వచ్చేసినాము సార్. ఇంట్లో తెలుగే, చదివింది మాత్రం తమిళం" అన్నారు. తర్వాత అమ్మను, "వండి ఆడుదా అమ్మా?" అని అడిగినారు. తమిళంలో 'ఆడుదు' అంటే ఊగుతున్నదని. అమ్మ వెంటనే, "ఆడుతుందయ్యా, పాడటమే తక్కువ" అన్నది. అందరూ నవ్వినారు. నవ్వినాక ఆయన చెప్పిన మాట మేము మరువలేదు: "ఊగడం బండి గుణం తల్లీ. ఊగి నిలబడకపోవడం రోగం."

మేము ఆయన వెంటనే జాకీ తెస్తారని అనుకొంటే, ఆయన కాటాకు పంపినారు. మొత్తం బండిని ఒకసారి, ముందు చక్రాలను మాత్రమే ఒకసారి, వెనుక చక్రాలను మాత్రమే ఒకసారి తూచి మూడు చీటీలు తెమ్మన్నారు. నీళ్ళూ, సామానూ, మనుషులూ అందరూ ఉండగానే తూచవలెనట. మొత్తం బరువు రిజిస్ట్రేషను పుస్తకంలోని హద్దుకు లోపలే ఉన్నది. కాని అందులో మూడింట రెండు వంతులకు పైగా వెనుక ఇరుసు మీదనే పడుతున్నది.

కారణం వెతకనక్కరలేకపోయినది. 200 లీటర్ల నీళ్ళ ట్యాంకును బాడీ షాపువారు టాపు మీద పెట్టినారు. లీటరు నీళ్ళకు ఒక కిలో. అంటే రెండు బస్తాల బియ్యం నెత్తిన పెట్టుకొని మలుపు తిరగడం. సగం ఖాళీ అయినప్పుడు నీళ్ళు ఒక వైపునుంచి మరొక వైపుకు కొట్టుకొని ఇంకా కష్టం. గ్యాసు సిలిండరు, పనిముట్లు, మడత మంచాలు అన్నీ వెనుక ఇరుసుకు కూడా వెనుకనున్న పెట్టెలో ఉన్నవి. ఎద్దుబండిలో వెనుక బరువెక్కువైతే కాడి పైకి లేస్తుంది గదా, ఇదీ అంతే. రెండు ఇరుసుల మధ్య దూరంలో సగమంత దూరాన, వెనుక ఇరుసుకు ఆవల 100 కిలోలు పెడితే, ఆ ఇరుసు మీద 150 కిలోలు పడుతుంది. ముందు ఇరుసునుంచి 50 కిలోలు లేచిపోతుంది. ముందు చక్రాలు తేలికపడితే స్టీరింగు పట్టు తప్పక ఏమవుతుంది? లెక్కలు వ్రాయడమే వృత్తిగా గల మాకు ఈ లెక్క చాలా నచ్చినది.

"ఇంకో రెండు లావు పట్టీలు వేస్తే పోలేదా?" అని మా అన్న అడిగినాడు. పెద్దాయన తల అడ్డంగా ఊపి, విడిగా పడి ఉన్న ఒక కట్టను చూపినారు. కమాను అనేది పారసీ మాట, విల్లు అని అర్థం. మన జట్కాబండ్లకూ ఈ విల్లులే ఉండేవి. పొడుగు పట్టీ పైన, దానికింద క్రమంగా పొట్టివి. గుంత తగిలినప్పుడు విల్లు చదునై పొడుగు సాగుతుంది. ఆ సాగుదలకు చోటివ్వడానికే ఒక కొసను కదిలే కొక్కెంలో వ్రేలాడదీస్తారు. పట్టీ మందం రెండింతలు చేస్తే బిగువు రెండింతలు కాదు, ఎనిమిదింతలవుతుంది. అంత బిగువైన విల్లు వంగదు. వంగకపోతే ప్రతి గుంతా నేరుగా పడుకొన్నవారి నడుముకే తగులుతుంది. అమ్మ తుంటికి అది కూడదు.

విల్లు దెబ్బను తీసుకొంటుంది గాని, ఊపును ఆపే పని షాక్ అబ్జార్బరుది. దానిలోపల నూనె సన్నని రంధ్రాలగుండా పోతూ ఊపును వేడిగా మార్చి అణచివేస్తుంది. మా బండికి వెనుక రెండింటినుంచీ నూనె కారి మట్టి పట్టి ఉన్నది. పడవలా లేచి పడటానికి అదే కారణం. పక్కకు ఒరగడాన్ని తగ్గించేది స్టెబిలైజర్ బారు అనే వంపు కడ్డీ. ఒక చక్రం లేస్తే అది మెలిపడి రెండవ వైపును కూడా పట్టి ఉంచుతుంది. దాని రబ్బరు బుష్షులు పిప్పి అయిపోయి ఉన్నవి.

రెండు రోజులు పని జరిగినది. ట్యాంకును టాపునుంచి దింపి, రెండు ఇరుసుల మధ్య, నేలకు దగ్గరగా బిగించి, నీళ్ళు ఊగకుండా లోపల అడ్డుబిళ్ళలున్న 100 లీటర్లది పెట్టినారు. సిలిండరు, పనిముట్లు ముందుకు జరిగినవి. కుంగిపోయిన వెనుక పట్టీలను రెండు వైపులా కంపెనీ కొలతలవాటితోనే మార్చినారు. ఒక వైపే మారిస్తే బండి ఎప్పటికీ ఒరిగే నడుస్తుందట. షాక్ అబ్జార్బర్లు నాలుగూ క్రొత్తవి, బుష్షులన్నీ క్రొత్తవి. గాలి తిత్తుల సస్పెన్షను సంగతి అడిగితే, "బరువు సరిచేసినాక అవసరముంటే చూద్దాం" అన్నారు. ఆ ఖర్చు తప్పినది. చివరకు చక్రాల ఎలైన్‌మెంటు చూపించి, టైర్లు చల్లగా ఉన్నప్పుడు గాలి సరిచూసి, పట్టీలను ఇరుసుకు పట్టే యూ-బోల్టులను కొన్ని వందల కిలోమీటర్లు నడిచినాక మరల బిగించుకోమని చెప్పినారు.

మరొక హెచ్చరిక కూడా చేసినారు. స్ప్రింగులు ఎంత గట్టివి వేసినా రిజిస్ట్రేషను పుస్తకంలోని బరువు హద్దు పెరగదు. బ్రేకులూ, టైర్లూ, ఇరుసులూ పాతవే గదా! 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం బండి స్వరూపాన్ని ఇష్టం వచ్చినట్లు మార్చరాదు కూడా.

మూడవనాడు ఉదయం కొల్లిమలకు బయలుదేరాము. ఆ కనుమలో 70 హెయిర్‌పిన్ మలుపులు. తమిళులు వాటిని 'కొండై ఊసి' మలుపులంటారు, కొప్పున గుచ్చే సూది వంపని. ప్రతి మలుపుకూ అంకె వేసిన పలక ఉన్నది. పిల్లలు పెద్దగా లెక్క చదువుతూ ఉండినారు. మా అన్న రెండవ గేరులో, మలుపు ముందే వేగం తగ్గించి, తొందరలేకుండా ఎక్కించినాడు. బండి ఒరిగేది, వెంటనే నిలదొక్కుకొనేది. 20వ మలుపు దగ్గర అమ్మ ఊచలు విడిచి తాంబూలపు సంచి విప్పినది. 40వ మలుపు దగ్గర తానూ పిల్లలతోపాటు లెక్క పెట్టసాగినది.

పైన గాలి చల్లన. మిరియాలు, అనాస, అరటి, పనస తోటలు. ఈ కొండలు సంగకాలపు తమిళ కవులు కీర్తించిన వల్విల్ ఓరి ఏలినవి. వల్విల్ అంటే బలమైన విల్లు. ఒక్క బాణంతో వరుసగా ఎన్నో మృగాలను పడగొట్టిన వీరుడట. సెమ్మేడులో ఆయన విగ్రహం ఉన్నది. ఏటేటా ఆడిమాసంలో ఉత్సవం చేస్తారు. అరప్పళీశ్వరుని గుడి వద్ద అమ్మను చక్రాల కుర్చీలో దింపి దర్శనం చేయించాము. ఆకాశగంగ జలపాతానికి వేయికి పైగా మెట్లు దిగవలెను గనుక అది పిల్లల వంతు అయినది. గుడి ఎదుట అమ్మ చాలసేపు మాటలాడక కూర్చున్నది. నాయనతో వచ్చినప్పుడు ఎక్కడ కూర్చున్నారో మాత్రం వేలితో చూపినది.

దిగేటప్పుడు జాగ్రత్త ఎక్కువ కావలెను. ఏ గేరులో ఎక్కినామో ఆ గేరులోనే దిగవలెను. బ్రేకు మీదనే కాలుంచితే వేడెక్కి పట్టు తప్పుతుంది. మధ్యలో రెండుసార్లు ఆగి, 70 మలుపులూ క్షేమంగా దిగాము.

ఇటీవల మనవారిలో పలువురు, ముసలి తల్లిదండ్రులను తీర్థాలకు తీసుకుపోవడానికి ఇటువంటి బండ్లు కొనవలెనని మమ్ము అడుగుతున్నారు. వారికి మేము చెప్పేది ఇది. పరుపులు, అద్దాలు, రంగులు చూడకముందు బండి కింద వంగి చూడండి. నిండు సామానుతో కాటా ఎక్కించి మూడు చీటీలు తీసుకోండి. బరువు కిందికీ, నడుమకూ తెచ్చిన తర్వాతనే పట్టీల సంగతి ఆలోచించండి. మా చీటీలు మూడూ బండి తలుపు లోపల అంటించి ఉంచాము. క్రొత్త సామాను ఏది ఎక్కించబోయినా, "కాటా వేసినారా?" అని అమ్మే అడుగుతున్నది.