ఎడమకాలి పాఠం

గత సంవత్సరం వేసవి సెలవుల అనంతరం మా కళాశాల ఫుట్‌బాల్ జట్టు తిరిగి మైదానంలో చేరిన మొదటి వారంలోనే మాకొక విచిత్రమైన ఆజ్ఞ ఎదురైనది. "నేటినుండి పదిహేను రోజులు కుడికాలితో బంతిని తన్నినవాడు గీత వెలుపల కూర్చోవాలి" అన్నారు మా శిక్షకులవారు. మేము నవ్వుకున్నాము. ఆనాటి ఆట ముగిసేసరికి ఆ నవ్వు మిగలలేదు. ఎదుట గోల్‌కీపరు సైతం లేని సమయంలో బంతిని స్తంభానికి ఆవలగా తన్నిన ఘనులం మేమే. మాలో ఒకనిది పుట్టుకతో ఎడమకాలి వాటం. తప్పించుకున్నానని అతడు సంబరపడుచుండగా, అతనికి కుడికాలు విధించారు!

ఈ పద్ధతి తనది కాదని, మన నగరానికే చెందిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ గారిదని శిక్షకులవారు చెప్పారు. 2024లో 'మైదాన్' చలనచిత్రం విడుదలయ్యేవరకు మాలో చాలమంది ఆ పేరు వినలేదు. హైదరాబాదు విద్యార్థులమైన మాకిది సిగ్గుచేటే.

రహీమ్ సాహెబ్ 1909లో జన్మించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివి, ఉపాధ్యాయ వృత్తి చేపట్టి, కాచిగూడ, చాదర్‌ఘాట్ పాఠశాలల్లో పిల్లలకు పాఠాలు చెప్పారు. ఆయన శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచినది. 1951 ఢిల్లీ ఆసియా క్రీడలలో భారతదేశానికి స్వర్ణం లభించినది. మరుసటి ఏడే హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగొస్లావియా చేతిలో 10-1 పరాజయం. మనవారిలో పలువురు ఆనాడు వట్టి పాదాలతో ఆడారు. 1956 మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి, సెమీఫైనల్ చేరి, నాలుగవ స్థానంలో నిలిచారు.

బలహీనమైన కాలితో మాత్రమే ఆడవలసిన పోటీలను, డ్రిబ్లింగ్ నిషేధించిన పోటీలను ఆయన నడిపించారట. ఇందులో మాకు బడిపంతులే కనిపించారు. లెక్కలలో చురుకైన పిల్లవానిచేత మరల లెక్కలే చేయించి మురిసిపోయే ఉపాధ్యాయులు ఎందరో. రానిదానిని ముందు పెట్టేవారు కొందరే.

మూడవ వారంలో మాకును డ్రిబ్లింగ్ నిషేధం వచ్చినది. అసలు కథ ఇక్కడున్నది. మాలో ఉత్తమ ఆటగాడు ఒకడు, బంతి దొరికితే ఎవరికీ ఇవ్వడు. అంతకుముందటి ఏడు అంతర్ కళాశాల పోటీలలో ఒక్క గోలుతో ఓడి తిరిగివస్తూ, బస్సులో మేమెవ్వరమూ అతనితో పలకలేదు. నిషేధపు తొలినాడు మూడుసార్లు ఈల వేయించుకుని, బూట్లు విప్పి విసిరి వెళ్లిపోయాడు. లోలోపల మేము సంతోషించాము కూడా.

అతడు లేని నాలుగు రోజులు మాకు బుద్ధి వచ్చినది. బంతిని వెంటనే ఇచ్చివేయాలంటే అందుకొనుటకు మరొకడు పరుగెత్తి ఖాళీలోకి చేరియుండాలి. మేము చేరేవాళ్లం కాము. ఏడాది పొడుగునా నిలబడి అతని ఆట చూచినవాళ్లం, ఇవ్వలేదని అతనినే నిందించాము! ఐదవనాడు ఇద్దరం వెళ్లి పిలుచుకొని వచ్చాము. శిక్షకులవారు ఏమీ అడుగక, అతనిని హాఫ్‌బ్యాక్ స్థానంలో నిలిపారు.

జకార్తా సంగతి అప్పుడే చెప్పారు. 1962 ఆసియా క్రీడలలో మన జట్టు తొలిపోటీలో దక్షిణ కొరియాకు 2-0తో ఓడినది. తదుపరి పోటీలో రక్షణ ఆటగాడు జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడినవి. రహీమ్ సాహెబ్ అతనిని సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడించారు. సెప్టెంబరు 4న అదే కొరియాపై 2-1తో గెలిచిన ఫైనల్‌లో ఒక గోలు పి.కె. బెనర్జీది, రెండవది జర్నైల్ సింగ్‌ది. క్యాన్సర్‌తో బాధపడుతూనే ఆ జట్టును నడిపిన రహీమ్ సాహెబ్, 1963 జూన్ 11న కన్నుమూశారు.

ఈ సంవత్సరం మేము రెండవ పోటీలోనే ఓడిపోయాము. కాని మొదటి పోటీలో మా మూడవ గోలు ఎడమకాలితో పడినది. బంతిని అందించినవాడు అతడే. తిరుగు ప్రయాణంలో బస్సు చెడి, రెండు మైళ్లు అందరం కబుర్లాడుకుంటూ నడిచాము. బంతుల సంచి మోసినది మాత్రం కుడికాలి శిక్ష పడిన మిత్రుడు.