రోడ్డు మీద మిగిలిన రాయి

పదకొండు వారాల తర్వాత ఈ ఉదయం మళ్లీ సైకిలెక్కాను. మేడ్చల్ నుంచి శామీర్‌పేట పెద్దచెరువు కట్ట దాకా, మెల్లగా.

పడిపోయిన ఆ రోజూ ఇదే దారి. రాజీవ్ రహదారి మీద లారీలకు భయపడి ఊళ్ల మధ్య నుంచే వెళ్లేవాణ్ని. యాసంగి వడ్లు రోడ్డు మీద ఆరబోసి ఎత్తేశారు. పరదా ఎగిరిపోకుండా పెట్టిన రాళ్లలో ఒకటి రోడ్డు మీదే మిగిలింది. మసక వెలుతురులో కనబడక దానికి తగిలి పడ్డాను. కాలర్ బోన్ రెండు ముక్కలైంది. హెల్మెట్ లోపలి నురుగు కణత దగ్గర నలిగి పగిలింది. అది థర్మాకోల్ జాతిదే. తాను నలిగి దెబ్బను మింగుతుంది, ఒక్కసారికే. అందుకే పాతది పారేసి కొత్తది కొన్నాను.

ఎముక అతుక్కోవడం కంటే చెయ్యి లేవడమే కష్టమైంది. గోడ మీద వేళ్లు పాకిస్తూ రోజూ కాస్త పైకి జరిపేవాణ్ని. నా తల నేనే దువ్వుకున్న రోజు అమ్మ ఏడ్చేసింది.

ఆ రాయి వదిలేసిన రైతు మీద కోపం లేదు. కల్లం లేకపోతే వడ్లు ఇంకెక్కడ పోస్తాడు? మన జాగ్రత్త మనమూ పడాలి. మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ హెల్మెట్ అడిగేది మోటారు సైకిళ్లకే. సైకిలుకు మనంతట మనమే పెట్టుకోవాలి. రైతన్నలారా, మీ వంతుగా వడ్లు ఎత్తేటప్పుడు రాళ్లు కూడా పక్కకు తీయండి.