మొదటి పలక

నలభై అయిదేళ్ళ వయస్సులో మంచుమీద జారుడేమిటని మా ఆవిడ నవ్వింది. కొలరాడోలో ఉన్న మా తమ్ముడి ఇంటికి వెళ్ళినప్పుడల్లా వాడి మెత్తని స్నోబోర్డుమీద నిలదొక్కుకోవడం నేర్చాను. ఈసారి ఆల్పైన్ పలక కొనాలని బుద్ధి పుట్టింది. సన్నగా, బిరుసుగా ఉండే ఆ పలకమీద గట్టి బూట్లతో నిలిచి అంచుపైకి ఒరిగితే, మంచులో కత్తితో గీసినట్టు గీత పడుతుంది. 2018లోనూ, 2022లోనూ ఎస్తెర్ లెడెట్స్కాకు ఒలింపిక్ స్వర్ణం తెచ్చిన విద్య అదే.

దుకాణంలో తిన్నగా పోయి 185 సెంటీమీటర్ల పందెపు పలక పట్టుకున్నాను. అక్కడి పెద్దాయన తల అడ్డంగా ఊపాడు.

"దీని మలుపు వ్యాసార్ధం 20 మీటర్లు. మంచి వేగం ఉంటేగాని వంగదు. మీరు భయపడ్డారో, తిన్నగా పల్లంలోకే!"

ఆయన ఇచ్చింది 162 సెంటీమీటర్లది; కాస్త మెత్తనిది; వ్యాసార్ధం 11 మీటర్లు. బూట్లు తొడిగించి, పలకమీద ఏటవాలుగా నిలబెట్టి, మడమా మునివేళ్ళూ అంచు దాటకుండా నడుము వెడల్పు చూశాడు. దాటితే, ఒరిగినప్పుడు బూటు మంచుకు తగిలి పలకను లేపేస్తుందట.

నాకు కాస్త చిన్నతనమనిపించింది. కాని, మొదటి ఏడాది కుర్రాడు వసుచరిత్ర పట్టుకొస్తే, "ముందు పోతన చదువు, నాయనా" అనేది నేనే గదా!

మర్నాడు వాలుమీద నాలుగుసార్లు పడ్డాను. అయిదోసారి ఆగి వెనక్కి చూస్తే, తెల్లని మంచులో సన్నని వంపు ఒకటి—అచ్చం అరసున్నలా!

కింద నిలబడ్డ మా ఆవిడ ఈసారి నవ్వలేదు.