చక్రానికి తూకం... ఆటోనగర్‌లో!

హైదరాబాద్ బయల్దేరిన బెజవాడ కారు గొల్లపూడి, ఇబ్రహీంపట్నం దాటేదాకా బుద్ధిగానే నడుస్తుంది. కీసర టోల్‌గేట్ దాటి ముల్లు 80 మీదకు రాగానే స్టీరింగ్ సన్నగా వణుకుతుంది. 60కి దిగితే మాయం. మళ్లీ 80... మళ్లీ వణుకు! 'రోడ్డు బాలేదేమోలే' అంటారు వెనక సీట్లోవాళ్లు. రోడ్డు బాగానే ఉంది. చక్రానికే తూకం తప్పింది.

ఈ జబ్బుకు వైద్యం ఎక్కడంటే ఈ చుట్టుపక్కల ఎవరైనా చూపించే దారి ఒక్కటే. బందరు రోడ్డు మీద బెంజ్ సర్కిల్ దాటాక ఎడమవైపు. 1960ల నాటి జవహర్ ఆటోనగర్‌కి ఆసియాలోనే పెద్ద ఆటోనగర్లలో ఒకటని పేరు. ఇంజినూ చక్రాలూ తప్ప ఏమీ లేకుండా వచ్చిన ఛాసిస్ ఇక్కడ క్యాబిన్, బాడీ, రంగులు, ఆఖరికి దిష్టిబొమ్మతో సహా లారీ అయి బయటికెళుతుంది. సుత్తి చప్పుడు, వెల్డింగ్ మెరుపులు, గ్రీజు వాసన. ఆ సందడిలోనే కార్ల టైర్ల దుకాణాలూ.

అక్కడ కారు ఆపగానే 'అలైన్‌మెంటా, బ్యాలెన్సింగా సార్?' అని అడుగుతారు. చాలామంది 'రెండూ చేసేయ్' అనేస్తారు. కానీ అవి వేర్వేరు. కారు ఓ పక్కకి లాగుతుంటే అలైన్‌మెంట్ చూడాలి. ఓ వేగం దగ్గర వణుకుతుంటే బ్యాలెన్సింగ్. స్టీరింగ్ ఊగితే అనుమానం ముందు చక్రాల మీద, సీటు అదిరితే వెనకవాటి మీద. బ్రేకు తొక్కినప్పుడు మాత్రమే వణుకుతుంటే చక్రాన్ని వదిలేసి బ్రేకు డిస్కు చూపించుకోవాలి. ఈ నాలుగు ముక్కలు మెకానిక్‌కి చెప్పగలిగితే అనవసరపు ఖర్చు సగం తప్పినట్టే.

ఇంతకీ కాసింత బరువుకే అంత గొడవెందుకు? 14 అంగుళాల రిమ్ము అంచున 20 గ్రాములు ఎక్కువుందనుకోండి. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో అది చక్రాన్ని లాగే బలం దాదాపు అరకిలో. 80కి వెళితే రెండు కిలోలు. 100లో మూడు కిలోల పైమాటే! పైగా ఆ వేగంలో చక్రం సెకనుకు 15 సార్లు తిరుగుతుంది. అంటే అన్నిసార్లూ ఆ గుంజుడు తప్పదు. టైరు ఓ చోట ఎక్కువ అరుగుతుంది, బేరింగులూ సస్పెన్షనూ నలుగుతాయి. ఊళ్లో తిరిగే కారుకి తెలియని జబ్బు హైవే ఎక్కగానే బయటపడేది అందుకే.

తూకం సరిచేసే పద్ధతుల్లో పాతది చక్రాన్ని కోను మీద పడుకోబెట్టి, తాపీమేస్త్రీ రసమట్టంలా మధ్యలో ఉన్న బుడగను చూడటం. ఏ వైపు బరువుందో అది చెబుతుంది. ఆ బరువు చక్రం లోపలి అంచునా, బయటి అంచునా అన్నది చెప్పలేదు. వెడల్పాటి నేటి టైర్లకు అది చాలదు. తూకం కుదిరిందనుకున్న చక్రమే రోడ్డెక్కాక వేగం తగ్గిన బొంగరంలా పక్కలకి ఊగుతుంది. కంప్యూటర్ మెషిన్ అయితే చక్రాన్ని తిప్పి, లోపల ఎన్ని గ్రాములు, బయట ఎన్ని గ్రాములు వేయాలో విడివిడిగా చూపిస్తుంది. కుటుంబం ఎక్కే కారుకి ఇదే సరైన ఎంపిక. చక్రం విప్పకుండా కారు మీదే తిప్పి చూసే పద్ధతీ ఉంది. మామూలు పద్ధతిలో తేలని వణుకులకు అది పనికొస్తుంది. టైరులో పూసలో, పొడో పోసే పద్ధతి పెద్ద వాహనాలది, కార్లకు అవసరం లేదు. పంక్చర్ కాకుండా పోయించుకునే జెల్ కూడా ఒక చోటికి చేరి తూకాన్ని చెడగొట్టొచ్చు. మెషిన్ ఎక్కించేముందు ఆ సంగతి చెప్పాలి.

అయితే డెల్టాలో అసలు సమస్య మెషిన్ కన్నా ముందే ఉంది. బురద! గుడివాడ నుంచో, పామర్రు నుంచో వానాకాలం కాలవగట్ల మీదుగా వచ్చే కారు రిమ్ములో రేగడిమట్టి పేరుకుని, ఎండి, పెచ్చులా అతుక్కుంటుంది. గుప్పెడు మట్టి అంటే వంద గ్రాముల పైనే. నాట్ల రోజుల్లో దమ్ము చక్రాలతో ట్రాక్టర్లు ఎక్కి దిగిన చోట తారు చెక్కుకుపోతుంది. వానకు ఉబ్బి ఎండకు కుంగే నేల వల్ల రోడ్డు అలలు తిరుగుతుంది. ఆ గుంతల్లో రిమ్ము వంగితే ఎన్ని గ్రాములు అంటించినా లాభం లేదు. మట్టితోనే తూకం వేస్తే ఇంకా తమాషా. దారిలో ఆ పెచ్చు రాలిపోగానే సరిచేసిన తూకమే తప్పుతుంది. కొంతమంది కంప్యూటర్‌ని తిట్టుకునేది ఇక్కడే.

అందుకే ముందు రిమ్ము లోపలివైపు నీళ్లు కొట్టించాలి. పాత వెయిట్లన్నీ పీకించాలి. వెయిట్లు పెట్టాక మళ్లీ ఓసారి తిప్పించి, రెండు వైపులా సున్నా పడిందో లేదో కళ్లారా చూడాలి. మరీ ఎక్కువ గ్రాములు అడుగుతుంటే టైరును రిమ్ము మీద కాస్త తిప్పి బిగించమనొచ్చు. కొత్త టైరు మీద పసుపు చుక్క ఉంటే అది తేలికైన చోటు. దాన్ని గాలి కొట్టే వాల్వ్ పక్కకు తెస్తే వెయిట్ల అవసరం తగ్గుతుంది. కొత్త టైరు వేసినా, పంక్చర్‌కి టైరు విప్పినా తూకం మళ్లీ చూడాల్సిందే. లేకుంటే 10,000 కిలోమీటర్లకోసారి, టైర్లు అటూఇటూ మార్చేటప్పుడు.

ఇనుప రిమ్ముకైతే సుత్తితో కొట్టే క్లిప్పులు, అల్లాయ్‌కి అంటించే స్టిక్కర్లు. తడి మీదో, దుమ్ము మీదో అంటించిన స్టిక్కరు ఉయ్యూరు చేరేలోపే ఊడినా ఆశ్చర్యం లేదు. ఈ ముక్కలు మొదట్నుంచీ ఎక్కువగా సీసంవే. రోడ్డు మీద పడి, అరిగి, మట్టిలో కలుస్తాయని ఐరోపా సమాఖ్య 2005లోనే కార్లకు వాటిని ఆపేసింది. స్టీలు, జింకు ముక్కలూ తయారవుతున్నాయి. అడిగి వేయించుకోవచ్చు. పీకేసిన పాత సీసం ముక్కలు మాత్రం దుకాణంలోనే వదిలేయాలి. ఆడుకోవడానికి బాగున్నాయి కదా అని పిల్లల చేతికివ్వకూడదు.