కాస్త చీకటి కావాలి నాన్నా

పొందూరు
మార్చి 6, రాత్రి

నాన్నా,

ఇక్కడ పత్తిని చేప పళ్లతో దువ్వుతారు. ప్రయాణం ఎలా సాగింది, భోజనం ఎక్కడ చేశాను అన్నవి అమ్మకు ఫోన్లో చెప్పేశాను. ఇది మాత్రం నీకు కాగితం మీదే చెప్పాలనిపించింది.

వాలుగ చేప దవడ ఎముక అది. దాని మీద వాడి పళ్లు వరసలు వరసలుగా ఉంటాయి. గింజను పట్టుకుని ఉన్న దూదిని ఆ దవడతో మెల్లగా దువ్వితే పోగులన్నీ ఒక దిక్కుకు తిరుగుతాయి, నలుసులు రాలిపోతాయి. తర్వాత గింజ తీయడం, చిన్న వింటితో ఏకడం, ఏకులు చుట్టడం, ఆ ఏకుల్ని ఎండిన అరటి డొప్పలో పెట్టుకుని వడకడం. డొప్ప ఎందుకంటే చేతి చెమ్మ దూదికి తగలకూడదు. 1921లో గాంధీ తన 'యంగ్ ఇండియా'లో ఈ ఊరి నూలు గురించి రాశాడు. నూరేళ్లు దాటినా పని అదే, పనిముట్లూ అవే.

నేను కూర్చున్న ఇంట్లో వడికే గది వసారా వెనక ఉంది. ఒకటే తలుపు. వడుకుతున్న ఆవిడకు అరవై దాటి ఉంటాయి. కెమెరా బయటికి తీయగానే షరతు చెప్పేసింది. "పొటో తీసుకో గానీ, రాట్నం ఆపమనీకు తల్లీ." అంతకంటే మంచి షరతు ఏ ఫొటోగ్రాఫరుకైనా ఎవరు పెడతారు? సర్దుకుని కూర్చున్న మనిషి ముఖం వేరు, చేతిలో పని ఉన్న మనిషి ముఖం వేరు.

అసలు కష్టం నూలుతో వచ్చింది. నూరో కౌంటు నూలు కిలో సాగదీస్తే 169 కిలోమీటర్లు వస్తుంది. పొందూరులో ఒక కొస పట్టుకుంటే రెండో కొస విశాఖపట్నం దాటిపోతుంది. అంత సన్నటి దాన్ని వెలుతురు వీపు వెనక పెట్టుకుని చూస్తే కెమెరాకే కాదు, కంటికే ఆనదు. ఆవిడ చెయ్యి గాలిలో పైకి లేస్తుంది, ఎందుకు లేస్తుందో తెలియదు. అప్పుడు గది లోపలికి జరిగి, తలుపు ఆవిడకు అవతలి పక్కన వచ్చేలా, ఆవిడ వెనక వంటింటి చీకటి ఉండేలా కూర్చున్నాను. నూలు వెలిగింది. కదురు మొన నుంచి ఆవిడ వేళ్ల దాకా ఒకే ఒక్క తెల్లని గీత. నాన్నా, ఆ గీతను చూడడానికి నాకు కావలసి వచ్చింది వెలుతురు కాదు, దాని వెనక చీకటి.

షట్టరు సెకనులో ఎనిమిదో వంతుకు దించాను. రాట్నం ఆకులన్నీ కరిగి ఒక చక్రమైపోయాయి. కదలని ముఖం మాత్రం నిలిచింది. గోడకు ఆనుకుని ఊపిరి బిగబట్టి తీశాను, స్టాండు వాడితే గదిలో సగం దానికే సరిపోయేది.

పత్రికల్లో పొందూరు ఫొటోలు ఇదివరకు చూశాను. చాలావాటిలో ఫ్లాషు వెలిగింది. గదంతా తెల్లబారింది, గోడ మీద కేలెండరు అక్షరాలతో సహా కనబడుతోంది, నూలు మాయమైంది. ఏ పని చూపించడానికి వెళ్లారో ఆ పనే పోయింది. ఇది నాకు కోపం తెప్పించే విషయం. ఏళ్ల తరబడి చేసిన పనిని ఒక మెరుపుతో చెరిపేయడం అన్యాయం.

స్టూడియోలో నువ్వు ఉత్తరం కిటికీ తెరిచి, మనిషికి రెండో పక్క నల్లగుడ్డ వేలాడదీసేవాడివి గుర్తుందా? వెలుతురు చాలనప్పుడు తెల్లట్ట పెట్టడం అందరికీ తెలుసు. నీడ చాలనప్పుడు నల్లగుడ్డ కట్టడం నీ దగ్గరే చూశాను. బుగ్గ ఎముక, ముక్కు అంచు, గడ్డం కింది గీత, అన్నీ ఆ గుడ్డ వల్లే లేచి వచ్చేవి. ఇక్కడ ఆ గుడ్డ పని వంటిల్లు చేసింది.

ఇంకొకటి. ఈ ఇళ్లలో లోపలి గది దాకా నన్ను రానిచ్చారంటే నేను ఆడదాన్ని కావడం వల్ల కూడా. 1892లో రాజా దీన్‌దయాళ్ హైదరాబాదులో ఘోషా స్త్రీల కోసం ప్రత్యేకంగా స్టూడియో తెరిచి, దాన్ని ఒక స్త్రీ చేతిలో పెట్టాడని నువ్వే చెప్పావు. ఆ కబురు అప్పుడు కథలా విన్నాను. ఇవాళ ఆ గడప దాటుతుంటే దాని విలువ తెలిసింది.


శ్రీకాకుళం
మార్చి 9

నాన్నా,

ఈ ఉత్తరంతో ఫొటో ఏదీ రాదు. ఇవాళ పొద్దున అరసవల్లి వెళ్లాను. ఫోను, కెమెరా బయట అప్పగించి లోపలికి నడిచాను. ఏటా మార్చి రెండో వారంలో, మళ్లీ అక్టోబరు మొదట్లో, తెల్లవారి సూర్యకిరణాలు గోపుర ద్వారం నుంచి అనివెట్టి మండపం మీదుగా వచ్చి మూలవిరాట్టు పాదాలను తాకుతాయి. తొక్కిసలాటగా జనం. మబ్బు పడితే ఆ రోజుకు దర్శనం లేనట్టే. మాకు మబ్బు లేదు.

భక్తి సంగతి అమ్మతో మాట్లాడతాను. నీతో మాట్లాడవలసింది కట్టినవాళ్ల గురించి. గర్భాలయాన్ని ఏడాది పొడుగునా చీకటిగా ఉంచారు. నల్లరాతి విగ్రహం, దీపం వెలుగు, అంతే. ఆ చీకటిని అంత జాగ్రత్తగా కాపాడారు కనకే కొద్ది నిమిషాల వెలుతురు పాదాల మీద పడగానే వందలమంది ఒక్కసారి "ఆదిత్యాయ నమః" అన్నారు. అదే వెలుతురు బయట మాడవీధిలో అందరి నెత్తినా పడుతోంది, ఎవరూ తల ఎత్తి చూడడం లేదు.

హంపి విరూపాక్షాలయంలో లోపలి గోడ మీద రాయగోపురం నీడ తలకిందులుగా పడడం నువ్వు నాకు చిన్నప్పుడు చూపించావు. చీకటి గది, గోడకు చిన్న కంత, ఎదురుగోడ మీద బయటి లోకం. మన డార్క్‌రూమ్ తలుపు కంతలోంచి వీధిలో రిక్షాలు తలకిందులుగా పోయేవి. వాటిని చూస్తూ అన్నం తినడం మర్చిపోయేదాన్ని. కెమెరా అన్నది అంతేగా, మోసుకుపోగలిగిన చీకటి గది. అరసవల్లిలో ఆ గదిలోనే నిలబడ్డాను. కెమెరా లేదని వెలితి అనిపించలేదు.


టెక్కలి
మార్చి 11

నాన్నా,

తేలినీలాపురంలో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఇంకా ఉన్నాయి. పిల్లలు ఎగరడం నేర్చుకుంటున్నాయి, ఇంకొన్నాళ్లకు చెట్లు ఖాళీ అవుతాయి. ఊళ్లో వీటిని సైబీరియా పిట్టలంటారు. గూడబాతు నిజానికి మన ఉపఖండం పక్షే, మన చెట్ల మీదే గూడు కడుతుంది. ఎక్కడివైతేనేం, ఇళ్ల మధ్య చింతచెట్ల మీద గూళ్లు పెట్టనిచ్చి, రెట్టలనూ నీచు వాసననూ భరించి, ఇవి రాని ఏడు ఊరికి మంచిది కాదని నమ్మే మనుషులు ఇక్కడ ఉన్నారు. అందుకే పొడుగు లెన్సు దింపేశాను. పక్షిని దగ్గరికి లాగితే పక్షి ఒక్కటే మిగులుతుంది. నాకు కింద వాకిట్లో వడ్లు చెరుగుతున్న ఆవిడ, ఆవిడ తల మీద కొమ్మ, కొమ్మ మీద సంచి మూతి తెరిచిన తల్లి పక్షి, మూడూ ఒకే చట్రంలో కావాలి. దొరికింది. చిన్న లెన్సుతో, నేల మీద కూర్చుని.

నౌపడ ఉప్పుమళ్ల గురించి ఎక్కువ రాయాలి, అక్కడ నీ నల్లగుడ్డ సూత్రం నన్ను చాలాసేపు ఇబ్బంది పెట్టింది.

ఉప్పుమళ్లలో చీకటి లేదు. పైన ఆకాశం, కింద ఆకాశం. కాలవతో వచ్చిన ఉప్పునీటిని ఒక మడి నుంచి ఇంకో మడికి మళ్లిస్తూ, ఎండకు చిక్కబరుస్తూ పోతారు. చివరి మడిలో ఉప్పు పేరుకుంటుంది. పొడుగు కర్రకు పలక బిగించి దాన్ని గట్టు మీదికి లాగుతారు. ఎండ ముదిరితే నిలవలేరు గనక తెల్లవారకముందే దిగుతారు. పాదాలు చూశాను నాన్నా. ఉప్పుకు పగిలి, పగుళ్లు గట్టిపడి, మళ్లీ పగిలిన పాదాలు. మడి అందాన్ని మెచ్చుకుంటూ నిలబడ్డవాళ్లు ఆ పాదాలను కూడా చూడాలి.

కెమెరా మీటరుకు తెలుపు తెలియదు. ఏది చూపించినా బూడిదరంగు చేయాలనే చూస్తుంది. ఉప్పు రాశిని దాని ఇష్టానికి వదిలేస్తే సిమెంటు కుప్పలా వస్తుంది. స్టాపున్నర పైకి పెంచితేనే ఉప్పు ఉప్పులా ఉంటుంది. అంతవరకూ లెక్క. లెక్క కుదిరినా బొమ్మ కుదరలేదు. నలుదిక్కులా వెలుతురే అయినప్పుడు కన్ను ఎక్కడ ఆగాలి?

ఆగవలసిన చోటు మనుషులే చూపించారు. సూర్యుడు ఇంకా గట్టు ఎత్తున ఉండగా, వాళ్లకు ఇవతలి పక్క నేలమట్టంగా కూర్చున్నాను. ఎదురు వెలుతురులో ఉప్పు లాగే నలుగురూ నల్లటి ఆకారాలయ్యారు. వంగిన నడుము, చాచిన చెయ్యి, కర్ర, నీళ్లలో అదే మళ్లీ తలకిందులుగా. ఇంత తెల్లటి చోట చీకటిని మోసుకుని వచ్చినవాళ్లు పనివాళ్లే. ముఖాలు కనిపించని ఫొటో అది. ముఖాలు లేకుండా వదిలేయడం నాకు ఇష్టం లేకపోయింది. అందుకని పని ఆపి గంజి తాగడానికి పాకలో కూర్చున్నప్పుడు, ఒక్కొక్కరినీ అడిగి, తాటాకు నీడలో విడివిడిగా తీశాను. ఆ నలుగురి బొమ్మలు పక్కన లేకుండా నీడల బొమ్మను ఎక్కడా వేయనివ్వను.

ఎదురెండలో మనుషులు నల్లబడిన ఫొటోలు ఈ మధ్య ఎక్కడ చూసినా ఉన్నాయి. చాలావాటిలో మనిషి ఎవరైనా ఒకటే, ఆకారం బాగుంటే చాలు. ఈ దారి నాకు నచ్చదు. నీడగా చూపించిన మనిషికి ముఖం బాకీ పడతాం.


రైల్లో, రంభ దాటాక
మార్చి 13

నాన్నా,

నాలుగు వాక్యాలే. బండి చిలికా ఒడ్డు వెంబడి పోతోంది. కుడివైపు కిటికీలన్నీ నీళ్లే. 1981లో మన దేశం నుంచి మొదటిగా రామ్‌సర్ జాబితాకెక్కిన రెండు చోట్లలో ఇదొకటి, రెండోది భరత్‌పూర్. కిటికీ అద్దం మురికిగా ఉంది కాబట్టి తలుపు దగ్గరి సందులో నిలబడ్డాను. భయపడకు, లోపలే, కమ్మీ పట్టుకునే. పట్టాల పక్క స్తంభాలు చారలైపోతున్నాయి, దూరంగా వలకర్రలు మాత్రం కదలకుండా నిలబడి ఉన్నాయి. ఎదుటి సీటు పాప కిటికీ ఊచలకు ముఖం ఆనించి పడవలు లెక్కపెడుతోంది. వాళ్లమ్మను అడిగి ఆ పాపను తీశాను, సరస్సును తీయలేదు. పాప కళ్లలో సరస్సు ఉంది.


ఖరగ్‌పూర్
మార్చి 15

నాన్నా,

ఇక్కడ ప్లాట్‌ఫారం పొడవు 1072 మీటర్లు. ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా పొడవైనదని పేరు. 2023 నుంచి ఆ పేరు 1507 మీటర్ల హుబ్బళ్లిది. నేను దిగింది దీనికోసం కాదు. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో వర్క్‌షాపు పనికని శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ మనవాళ్లను చూడడానికి. కూరగాయల బజారులో నిలబడితే ఒక చెవిలో బెంగాలీ, ఒక చెవిలో మన నరసన్నపేట యాస.

ఒక ఇంటికి తీసుకెళ్లారు. ఇంటి పెద్దావిడ మామగారు వర్క్‌షాపులో ఫిట్టరు. "ఏ ఊరు తల్లీ మీది?" అని అడిగి, తెనాలి అంటే "అంత దూరమేటి?" అని నవ్వింది. ఖరగ్‌పూర్‌లో పుట్టిన మనిషికి తెనాలి దూరమే మరి. ఆవిడను వసారాలో తీద్దామని నా ఆలోచన. ఆవిడ నన్ను లోపలికి తీసుకెళ్లి గోడ చూపించింది. అత్తామామల పెళ్లి ఫొటో, క్యాబినెట్ సైజు, అట్ట మీద అతికించినది. అడుగున స్టూడియో ముద్ర చెరిగిపోయింది. ఎదురు కిటికీలోంచి ఏళ్ల తరబడి పడిన ఎండకు పెళ్లికూతురి ముఖం దాదాపు పోయింది. నగలున్నాయి, చీర అంచుంది, ముఖం ఉండవలసిన చోట పసుపు మరక. పక్కనే బీరువా మూలన, వెలుతురు తగలని చోట వేలాడుతున్న మరో ఫొటో మాత్రం కడిగి ఆరబెట్టిన రోజున ఎలా ఉండేదో అలాగే ఉంది.

"మా అత్త ముకం మళ్లీ తెప్పించగలవా?" అని అడిగింది. ఈ ప్రయాణంలో నన్ను ఒకరు ఫొటోగ్రాఫరుగా పని అడగడం ఇదే మొదటిసారి. మిగతా చోట్లన్నీ నేనే వాళ్లను అడిగాను.

ఫొటోను ఫ్రేములోంచి విప్పి, వసారాలో రెండు పక్కల నుంచి సమానంగా వెలుతురు పడేలా పెట్టి, కాపీ తీశాను. తెరమీద దగ్గరికి లాగి చూస్తే ముఖం పూర్తిగా పోలేదు. కనుబొమ్మ గీత ఉంది, ముక్కుపుడక మెరుపు ఉంది, పెదవి కింద సన్నటి నీడ ఉంది. కంప్యూటరుతో గీస్తే ఎవరి ముఖమైనా వస్తుంది, ఆవిడ అత్త ముఖం రాదు. అందుకే ఫైలు నీకు పంపుతున్నాను. మాట్ పేపరు మీద పెద్దదిగా ప్రింటు వేయించు. నెగెటివుల మీద పెన్సిలు మొనతో పని చేసిన చెయ్యి నీది. ఉన్న మూడు గుర్తులను పట్టుకుని ఎంతవరకు వస్తే అంతవరకే తీసుకురా, లేనిది కల్పించొద్దు. పోలికకు ఆవిడ ఆడపడుచు ఫొటో కూడా తీశాను, అదీ పంపుతున్నాను. అత్తాకోడళ్ల పోలిక కలవదు గానీ తల్లీకూతుళ్ల పోలిక కలుస్తుందని ఆవిడే చెప్పింది.

పాత ఫొటోను ప్రస్తుతానికి బీరువా మూలకు మార్చాం. మేకు నేనే కొట్టాను. చిరునామా వెనక రాశాను, ప్రింటు నేరుగా ఆవిడకే పోస్టు చెయ్యి. కళ్లద్దాలు మార్పించుకున్నావా? మార్పించుకున్నాకే ఈ పని మొదలుపెట్టు.

నీ అమ్మాయి