మందు పడ్డ పాలు

మా ఆయన గీత కార్మికుడు. తాటిచెట్టు మీద కాలు జారి పడ్డాడు. నడుము పూస విరిగింది. ఆపరేషన్ ఆరోగ్యశ్రీలో అయింది గానీ, బయట రాసిన మందులు, దవాఖానలో పక్కన కూర్చున్నవాళ్ల తిండి, బండి కిరాయిలు, ఇంటికి తెచ్చాక మంచం మీది మనిషికి రోజూ అయ్యే ఖర్చు ఏ కార్డులోనూ ఉండవు. ఊళ్లో నూటికి మూడు రూపాయల మిత్తికి తెచ్చాం. కల్లు మీద వచ్చే పైసలు ఆ రోజుతోనే ఆగిపోయాయి. ఇద్దరు పిల్లలు, ఎకరం చెలక, రెండు బర్రెలు. ఇంటి బరువంతా బర్రెల మీద పడింది.

ఒకటి చూడిది, వట్టిపోవడానికి దగ్గర పడింది. రెండోది ఈని కొద్ది నెలలే అయింది, మంచి పాడి. దానికే పొదుగువాపు వచ్చింది.

పొద్దున పితకడానికి కూర్చుని వెనక కుడి చన్ను పట్టుకోగానే కాలు విసిరింది. ఎన్నడూ తన్నని జంతువు. చన్ను గట్టిపడి ఉంది, చెయ్యి పెడితే కాలుతోంది. పిండితే ముందు పల్చటి నీళ్లు వచ్చాయి, తర్వాత విరిగిన ముక్కలు, వాటి వెనక సన్నటి నెత్తుటి చార. చెంబు కింద పెట్టి పాల సంఘానికి ఫోన్ చేశాను.

డాక్టరు ఆ పూటే వచ్చాడు. సూది వేసి, చన్ను రంధ్రంలోంచి మందు ట్యూబు ఎక్కించి, చీటీ రాశాడు. "మందు నడిచినన్ని రోజులు, ఆపినంక కూడా నేను చెప్పేదాకా ఈ బర్రె పాలు సంఘంల పొయ్యొద్దమ్మా. ఒక్క చన్నువే గాదు, నాలుగింటివీ" అన్నాడు. మందు నెత్తుట్లో కలిసి మంచి చన్నుల్లోకి కూడా దిగుతుందట.

చీటీ పాల కేంద్రంలో ఇచ్చాను. పాలు పోయించుకునే పిల్ల నాకు ఆడబిడ్డ వరుస. "ఏమనుకోకు వదినె" అంటూనే రిజిస్టరులో నా పేరు పక్కన ఎర్ర సిరాతో రాసింది. ఏమనుకుంటాను? మందు కలిసిన పాలు కూలర్‌లో పడితే ఊరందరి పాలూ చెడిపోయినట్టే. ఆ పాలు సరిగా తోడుకోవు, పెరుగుకు పనికిరావు. తాగేది మళ్లీ ఎవరి పిల్లలో. ఇవన్నీ నాకు తెలుసు. తెలిసినా, పూటకు మూడు లీటర్లు పితికి దొడ్డి వెనక గుంతలో పోసి, ఇంట్లోకి వచ్చి పిల్లలకు నల్ల చాయ్ ఇచ్చేటప్పుడు చేతులు వణికేవి.

అప్పుడే వచ్చాడు పాల వ్యాపారి. సంఘం రాకముందు మా ఊరి పాలన్నీ ఆయనవే. "సంఘమోళ్లు వద్దంటే నేను తీస్కుంట చెల్లె. మందుదైతే ఏంది, కలిస్తె ఎవ్వలకెరుక? అడ్వాన్సు గూడ ఇస్త. అప్పు తీరేదాకా నాకే పొయ్యాలె" అన్నాడు. మా ఆయన మంచం మీదినుంచి నా ముఖం చూస్తున్నాడు. ఇంట్లో మందులు అయిపోయి ఉన్నాయి. ఆ అడ్వాన్సు నాకు ఎంత అవసరమో వ్యాపారికి తెలుసు, అందుకే ఆ రోజు వచ్చాడు.

వద్దన్నాను. ఆ అడ్వాన్సు ఎలాంటిదో మా అత్త కాలంలో చూశాను. వెన్న చూడడం లేదు, చీటీ లేదు, ఆయన కొలతే కొలత, ఆయన చెప్పిందే ధర. పాలు ఎక్కువయ్యే చలికాలంలో ధర కోసేవాడు. అప్పు ఉన్న ఇల్లు నోరు తెరవలేకపోయేది. ముల్కనూరు చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లు 2002లో సొంత డెయిరీ పెట్టుకుని, స్వకృషి పేరుతో పాలు అమ్మడం మొదలుపెట్టారు. వాళ్లను చూసే మా దగ్గర కూడా పెద్దమ్మలు ధైర్యం చేసి సంఘం పెట్టుకున్నారు. 1995లో వచ్చిన పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద రిజిస్టరైన సంఘంలో సర్కారు వాటా ఉండదు, పెత్తనం ఉండదు. పాలు పోసేవాళ్లే యజమానులు. పది లీటర్లు పోసినా రెండు లీటర్లు పోసినా ఒక్కటే ఓటు.

అప్పుకు సంఘంలోనే దరఖాస్తు పెట్టాను. పొదుపుకు మూడింతల దాకా ఇవ్వొచ్చని మా నిబంధన. నా పొదుపు చిన్నది, దాని మీద వచ్చేది చాలదు. పాలకవర్గం కూర్చున్న రోజు గొడవే జరిగింది. "ఆమె కష్టం చూసి ఇయ్యాలె" అని కొందరు, "ఒక్కలకు నిబంధన తప్పితే రేపు అందరూ అడుగుతరు" అని అధ్యక్షురాలు. ఆమె మీద నాకు ఆ పూట కోపం వచ్చింది. చివరికి నిబంధన తప్పలేదు. నా లెక్కకు వచ్చేది నాకిచ్చి, మిగతాది ఇద్దరు సభ్యులు తమ పొదుపు మీద తీసి నాకిచ్చారు. ఆ ఇద్దరిలో ఒకరు అధ్యక్షురాలే. మిత్తి నూటికి రూపాయి. దాణా సంచులు ఖాతా మీద రాయించి ఇంటికి పంపారు.

సంఘం అన్నీ తీర్చిందని చెప్పను. దవాఖాన అప్పు తీర్చడం దాని చేతిలో లేదు. చూడి బర్రె పాలకు ఆ పదిహేను రోజులకు వచ్చిన బిల్లులో దాణా, పొదుపు కోతలు పోగా చేతికి వచ్చింది ఉప్పూ పప్పుకే సరిపోయింది. పాలు పారబోసినందుకు పైసా రాలేదు. కానీ వాయిదా ఎంతో, ఎప్పుడు తీరుతుందో కాగితం మీద కనపడింది. తెలియని అప్పులో ఉన్నవాళ్లకు రాత్రి నిద్ర పట్టదు. నాకు ఆ కాగితం చేతికొచ్చాకే కాస్త కునుకు పట్టింది.

వెనక కుడి చన్ను మళ్లీ రాలేదు, ఎండిపోయింది. మూడు చన్నులతోనే ఆ బర్రె ఇంకో రెండు ఈతలు పాలిచ్చింది. ఏడాది చివర మిగులులోంచి వచ్చిన బోనసు ఊరి అప్పు మిత్తికి కట్టాను. మా ఆయన ఇప్పుడు కర్ర పట్టుకుని దొడ్డి దాకా వస్తాడు, దూడలకు మేత వేస్తాడు. చెట్టు ఎక్కలేడు. ఊరి అప్పు ఇంకా కొంత ఉంది.

నిరుడు నన్ను పాలకవర్గంలోకి ఎన్నుకున్నారు. మందు నడుస్తున్న పశువు పాలు ఆపిన సభ్యురాలికి, ఆగిన పాల ధరలో సగమన్నా సంఘం మిగులులోంచి ఇవ్వాలని తీర్మానం పెట్టాను. అలా ఇస్తే ఆపదలో ఉన్న ఆడమనిషి చీటీ దాచిపెట్టి పాలు పోయదు, వ్యాపారి గడపా తొక్కదు. దొంగ చీటీలు వస్తాయని కొందరు అడ్డం చెప్పారు. వాళ్ల భయం అబద్ధం కాదు. డాక్టరు సంతకం, కేంద్రం రిజిస్టరులో ఎర్ర సిరా రాత, రెండూ ఉంటేనే ఇవ్వాలని మార్చి రాశాం. వచ్చే మహాసభలో ఓటుకు వస్తుంది.